ఊఁ అనే ముందు

లాప్‌టాప్ నిండా చార్జింగ్ ఉండాలి. రెండు ఫోన్లలో రెండు కంపెనీల సిమ్ములు ఉండాలి, ఎల్లారెడ్డిలో ఒకటి పోతే ఇంకొకటి పట్టుకోవడానికి. మైకుకు కొత్త సెల్లులు వేయాలి. వెనక కట్టే నీలం చీర ఇస్త్రీ చేయించాలి. మస్కట్‌లో ఉన్న దేవేందరన్నకు లింకు మధ్యాహ్నం లోపే పంపాలి. గది ఖాళీ చేసే సంగతి ఓనరుకు ఇవాళ చెప్పకూడదు, కార్యక్రమం ఎట్లా జరిగిందో చూసి రేపు చెప్పాలి. అమ్మకు దగ్గు మందు సీసా కొనాలి. హన్మండ్లు తాతకు చిన్నవ్వ శ్వాస తీసుకుపోవాలి.

అన్నీ అయ్యాయి, చివరి రెండూ తప్ప. దగ్గు మందు పెద్ద సంగతి కాదు, తిరిగి వచ్చేటప్పుడు కొనవచ్చు. ఆ చివరిదే. సాయిలత సంచిని ఒడిలో పెట్టుకుని, చంటిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కామారెడ్డి బస్టాండులోంచి వెనక్కి వచ్చి, మలుపు తిరిగి, మక్క కంకులు కాల్చే బండ్ల పొగలోంచి రోడ్డెక్కింది. ఆధార్ కార్డులు చేతుల పట్టుకోండమ్మా అంటూ కండక్టరు ఆడవాళ్ల మధ్య ఇరుక్కుంటూ వస్తున్నాడు, పైసలు లేని టికెట్లు చించి ఇస్తున్నాడు, వెనక ఎవరో ముసలామె ఊరికే ఇచ్చే టికెట్టుకు ఇంత గీరనా కొడుకా అంటోంది, ముందు సీట్లో పిల్ల నవ్వింది, సాయిలతకు నవ్వు రాలేదు. సంచిలో శ్వాస ఉంది. కానీ అది చిన్నవ్వది కాదు. ఆ మాట మనసులోకి వచ్చిందే గానీ ఆమె దాన్ని గడప దగ్గరే నిలబెట్టింది, తర్వాత చూద్దాం, ఎల్లారెడ్డి ఇంకా దూరం, తాడ్వాయి రావాలి, లింగంపేట రావాలి, మొన్నటి వరదకు తెగిన చోట బస్సు మనిషి నడిచినంత మెల్లగా పోవాలి, గంట పైనే పడుతుంది, గంటలో ఏదో ఒకటి తోచకపోతుందా.

హన్మండ్లు తాత శారద కథలు చెప్తాడు. భుజానికి ఆనించి పట్టుకునే శారద, దాని తీగ మీద ఒక చెయ్యి, ఇంకో చేతి వేళ్లకు అందెలు, తలకు ఎర్ర రుమాలు. పక్కన ఆయన భార్య చిన్నవ్వ బుడిగె వాయిస్తూ వంత పాడుతుంది. పాడుతుంది అని అనుకుని, పాడేది అని దిద్దుకుంది సాయిలత. చిన్నవ్వ ఎండాకాలం చివర పోయింది. అప్పటి నుంచి, పోయిన వారం ఒక్కసారి తప్ప, తాత శారద ముట్టలేదు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి, మస్కట్‌లో పనికి సెలవు ఉండే శుక్రవారం నాడు, ఆమె పోయాక మొదటి కథ చెప్పాలి, ఫోన్లలో అక్కడి మనవాళ్లు చూడాలి. వంతకు మనిషి లేదు కాబట్టి పాత రికార్డింగుల్లోంచి చిన్నవ్వ అన్న ఊఁలన్నీ సాయిలత విడిగా కోసి పెట్టింది, లాప్‌టాప్ మీద ఒక్కో మీట నొక్కితే ఒక్కో ఊఁ పలుకుతుంది. ఇవాళ బాగా జరిగితే అక్కడి తెలుగు సంఘం వాళ్లు ఉగాది దాకా శుక్రవారాలన్నీ ఇస్తామన్నారు. జరగకపోతే హైదరాబాదు కంపెనీ వాళ్ల డ్యాన్సు ప్రోగ్రాం పెట్టుకుంటారు. నేను ఆపుతున్న గని కమిటోళ్లు ఇంక ఆగరు చెల్లె అన్నాడు దేవేందరన్న, ఆయనది మద్నూరు, అబద్ధం చెప్పే మనిషి కాదు. అంటే ఇవాళ జరగకపోతే కచ్చీరు లైవ్ అనే బోర్డు దింపి, గది తాళంచెవి ఇచ్చేసి, తను కూడా, తనతో కలిసి దీన్ని మొదలుపెట్టి ముందే వెళ్లిపోయిన నవత వెనకే, హైదరాబాదు బస్సెక్కాలి. బోర్డు మీద ఆ పేరు రాయించిన రోజు అమ్మ చూసి, కచ్చీరు అంటే ఊరి పంచాయితీ జరిగే చోటు కదా, ఇండ్ల ఏం పంచాయితీ చేస్తరే ఇద్దరాడివిల్లలు అని అడిగింది. డిగ్రీ చదివినదానివి, జీతం రాని పనికి పేరు ఇంత పెద్దగా ఎందుకు అని కూడా అడిగింది.

మొదలైంది మాత్రం జీతం కోసం కాదు, బాపు కోసం. లాక్‌డౌన్‌లో బాపు బహ్రెయిన్‌లో క్యాంపు గదిలో ఇరుక్కుపోయాడు, పని లేదు, బయటికి పోనివ్వరు, ఒక గదిలో ఎనిమిది మంది. ఫోన్ చేస్తే ఏం మాట్లాడాలో తెలిసేది కాదు, తిన్నవా అంటే తిన్న, పండుకున్నవా అంటే పండుకున్న. ఒకరోజు ఉన్నట్టుండి, చిన్నప్పుడు ఎల్లారెడ్డి నుంచి వచ్చి మన వాడల కథ చెప్పేటోడు గద, ఆయన ఉన్నడా అన్నాడు. అంతే. పోలీసులు రోడ్డు మీద ఆపుతుంటే మందుల చీటీ చూపించి నవత స్కూటీ మీద ఎల్లారెడ్డి పోయారు ఇద్దరూ. తాత వాకిట్లో ఫోన్ నిలబెట్టడానికి ఏమీ లేక, జొన్నలు కొలిచే మానికలో నిలబెట్టారు. అవతల గదిలో ఎనిమిది మంది ఒక ఫోను చుట్టూ. తాత కథ ఎత్తుకుని రెండు మాటలు చెప్పి ఆగాడు. వాండ్ల ఊఁ వినస్తలేదేంది బిడ్డా అన్నాడు. వాళ్ల మైకు బంద్ చేశాం తాతా, లేకపోతే గోల అవుతుంది అంది నవత. మైకు బంద్ చేస్తే గోడకు జెప్పినట్టు గాదా అన్నాడు. అప్పుడు చిన్నవ్వ బుడిగె ఒళ్లో సర్దుకుంటూ, నేను లేనా, నాకు చెప్పుండ్రి, వాండ్లు సాటు నుంచి వింటరు అంది. ఆ రోజు కథ చిన్నవ్వకే చెప్పాడు తాత. అప్పటి నుంచి అన్ని కథలూ చిన్నవ్వకే చెప్పాడు, దుబాయి సంఘాల వాళ్లూ, బెంగుళూరు ఆఫీసుల వాళ్లూ, పేరు తెలియని వందల మందీ చాటు నుంచి విన్నారు.

తాడ్వాయిలో ఎవరో దిగారు, గడ్డిమోపంత మూటతో ఎవరో ఎక్కారు, మూట సాయిలత మోకాళ్లకు తగిలింది. ఊఁ అంటే ఒకటే అక్షరం అనుకుంటారు. చిన్నవ్వ ఊఁలు కోసి పెడుతుంటే తెలిసింది అవి ఎన్ని రకాలో. తాత చెప్పే కథలో నీలవ్వ పుట్టినప్పుడు అనే ఊఁ పెదవులు కొద్దిగా విచ్చి, పొయ్యి మీద పాలు పొంగినట్టు పైకి లేస్తుంది. సవతి తల్లి విషం కలిపేటప్పుడు అనే ఊఁ పళ్ల వెనకాలే ఉండిపోతుంది. నీలవ్వ ఏరు దాటలేక ఒడ్డున కూర్చుని పడవవాణ్ణి పిలిచేటప్పుడు ఊఁ రాదు, బుడిగె మీద వేలి దెబ్బ ఒక్కటి పడుతుంది, ఆ తర్వాత, చాలాసేపటికి, కిందికి దిగిపోయే ఊఁ ఒకటి. తాత తొందరపడితే ఊఁ ఆలస్యం చేసేది. తాత పల్లవిలో తేలిపోతుంటే పొడిగా ఒక ఊఁ పెట్టి నేల మీదికి దింపేది. తల్లిగారిది డోంగ్లి, కోపం వస్తే మరాఠీలో తిట్టేది, కథ మధ్యలో తాత పిట్టకథలోకి పోయి తిరిగి రాకపోతే ఆ ఊఁలో కూడా మరాఠీ ఉండేది, తాత వెంటనే తిరిగి వచ్చేవాడు. సాయిలత లాప్‌టాప్‌లో వాటికి పేర్లు పెట్టుకుంది, సంతోషం ఒకటి, సంతోషం రెండు, భయం, ఏరు, కోపం. మీటల మీద చిన్న కాగితాలు అంటించింది. బాగా చేశానని అనుకుంది. నవతకు ఫోటో పంపింది. నవత చాలాసేపటికి ఒక చప్పట్ల బొమ్మ పంపింది.

నవత తప్పు కాదు. కాలమే అట్లా మారింది. లాక్‌డౌన్ అయిపోయాక కథ మొత్తం కూర్చుని వినేవాళ్లు తగ్గారు, తిప్పుతూ తిప్పుతూ పోయే వేలికి దొరికేంత ముక్క కావాలి అన్నారు. ముక్కలు కోశారు. ఆఫీసుల వాళ్లు పండుగ రోజు ఆన్‌లైన్‌లో ఏదైనా సంస్కృతి పెట్టండి అన్నారు, టీ తాగే విరామంలో సరిపడా సంస్కృతి. పెట్టారు. తర్వాత అదీ పోయింది. దినాలు లైవ్ పెట్టమని గల్ఫ్ నుంచి కొడుకులు అడిగారు, పెట్టారు, పిండం పెట్టేటప్పుడు దగ్గరగా చూపించమని చాట్‌లో రాసేవాళ్లు. పెళ్లిళ్లు పెట్టారు. పెళ్లిళ్లతోనే గది కిరాయి వెళ్లింది. కథలు నెలకు ఒకటయ్యాయి, రెండు నెలలకు ఒకటయ్యాయి. ఇచ్చిన టైం అయిపోగానే సంఘాల వాళ్లు తర్వాతి డ్యాన్సుకు మార్చేసేవాళ్లు, మంగళం పాడకుండానే కథ ఆగిపోయేది. మంగళం పాడాక కథకుడు వంత పాడిన మనిషి పేరు, తల్లిగారి ఊరు, అత్తగారి ఊరు చెప్పి, రాజును మరిస్తే మరువుండ్రి గని ఈ పేరును మీ ఇంటికి కొంచవొండ్రి అని సభకు చెప్పడం వాళ్ల ఆచారం. ఆన్‌లైన్‌లో ఒక్కసారి కూడా అక్కడిదాకా పోలేదు. పోస్టరు మీద హన్మండ్లు బృందం అని వేసేవాళ్లు, బృందం అంటే ఒక్క చిన్నవ్వే. ఆమెకు అది తెలుసు. నా పేరొచ్చే యాళ్లకే మీ కరెంటు పోతదేందే సాయిలతా అనేది నవ్వుకుంటూ, బుడిగెను గుడ్డలో చుడుతూ. ఈసారి చెప్పిద్దాం అవ్వా అనేది సాయిలత. నిజంగానే అనుకునేది.

బస్సు ఒక గతుకులో పడి లేచింది, ఒడిలో లాప్‌టాప్ ఎగిరింది, సాయిలత అదిమి పట్టుకుంది. ఆ చప్పుడు సంగతి. మొదట చెప్పింది సంఘం వాళ్లే, పోయిన చలికాలం. ఆడియోలో వెనక ఏదో ఈల వస్తోంది, సన్నగా, మీ మైకు పాడైందేమో చూసుకోండి అన్నారు. సాయిలత చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నది. మైకు కాదు. చిన్నవ్వ. ఊఁ అనే ముందు గాలి లోపలికి తీసుకుంటుంది కదా, అందులో. తలుపు సందులోంచి గాలి వచ్చినట్టు, సన్నగా, చివర కొద్దిగా విరిగి. పెద్దామె కదా అనుకుంది. బీడీలు చేసిన ఛాతీ కదా, మా అమ్మకూ ఉంటుంది ఇట్లాగే అని కూడా అనుకుంది. అనుకుని, దాన్ని తీసేసింది. నవత నేర్పిన పనే అది, చప్పుడు ఉన్న చోట ఒక చిన్న ముక్క పట్టుకుని, ఇది కచ్ర, పారేసే చెత్త అని యంత్రానికి చూపిస్తే, కథ మొత్తంలో ఎక్కడెక్కడ అది ఉన్నదో వెతికి తీసేస్తుంది. చాలా శుభ్రంగా తీసేస్తుంది. ఊఁ మిగులుతుంది, శ్వాస పోతుంది. ప్రతిసారీ ఈల కొంచెం ఎక్కువయ్యేది, ప్రతిసారీ సాయిలత మీటను కొంచెం ఎక్కువ తిప్పేది. అప్పుడప్పుడు చిన్నవ్వ ఊఁ ఆలస్యమయ్యేది, తాత ఆగేవాడు, కథ సాగేది, టైం దాటేది, సంఘం వాళ్లు విసుక్కునేవాళ్లు. లైవ్ అయ్యాక పెట్టే వీడియోల్లో ఆ ఖాళీలు కూడా సాయిలతే కోసి దగ్గరకు అతికేది. బయటికి పోయిన వీడియోల్లో చిన్నవ్వ ఆఖరు దాకా పాతికేళ్ల మనిషిలా ఊఁ అంటుంది.

ఆ దవాఖాన వరండా ఇప్పుడెందుకు. కిటికీలోంచి చూడు, మక్క చేను కోసేశారు, మోళ్లు మిగిలాయి, వాటి మధ్య కొంగలు. చూసింది. కొంగలు పోయి వరండా వచ్చింది. పెద్ద డాక్టరు తాతతో మాట్లాడుతున్నాడు, ఊపిరితిత్తులు ఎప్పుడో గట్టిపడ్డాయి పెద్దాయనా, ఇది నిన్న మొన్నటిది కాదు, ఇన్ని రోజులు ఇంట్లో ఎవరూ ఆమె శ్వాస వినలేదా. తాత చేతిలో చిన్నవ్వ చెప్పులు పట్టుకుని నిలబడ్డాడు, మంచం కింద పెట్టొద్దన్నారని. ఎవరూ వినలేదా. పక్కన గోడకు ఆనుకుని ఉన్న సాయిలత నేల చూసింది. విన్నాను సార్. ఖరీదైన హెడ్‌ఫోన్లలో విన్నాను, తెర మీద గీతలుగా చూశాను కూడా, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఈ జిల్లాలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఇవన్నీ నోట్లోనే ఉన్నాయి. బయటికి వచ్చి అందరికీ చాయ్ తెచ్చింది.

పోయిన వారం తాత ఇంట్లో ఒకసారి చేసి చూశారు. ఆయనకు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి, చిన్నవ్వ కూర్చునే చోట లాప్‌టాప్ పెట్టి. శారద మీద వేలు పెట్టేముందు చాలాసేపు దాన్ని తుడిచాడు. నీలవ్వ కథ ఎత్తుకున్నాడు. సాయిలత సంతోషం ఒకటి నొక్కింది, సరైన చోటే నొక్కింది. ఆయన తల ఎత్తాడు, కళ్లలో ఒక్క క్షణం ఏదో వెలిగింది. తర్వాతి మాట చెప్పబోయి ఆగాడు. ఇంకో ఊఁ నొక్కింది. మళ్లీ ఆగాడు. ఎత్తు దిగలేని మనిషి కాలు చాపి నేల కోసం వెతికినట్టు వెతికాడు. చెవుల్లోంచి తీసి చేతిలో పెట్టుకుని అన్నాడు.

"ఊఁ ఉన్నది బిడ్డా. ఊఁ అనే ముందుగాల ఇంత దమ్ము దీసేది గద. ఆ దమ్ము చెవుల వడ్తెనే నేను ముందటి మాట ఎత్తుకుంట. గిండ్ల దమ్మేది?"

అరవై ఏళ్లు ఆయన కథ నడిచింది ఊఁ మీద కాదు, దానికి ముందు వచ్చే ఆ గాలి మీద. కథ చెప్పే మనిషికి ఊఁ వినిపించే సరికే ఆలస్యమైపోతుందట, గాలి పీల్చిన తీరును బట్టి ఏ ఊఁ వస్తుందో ముందే తెలిసి, దానికి సరిపోయే మాట నాలుక మీదికి వస్తుందట. ఇది ఆయన ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన సంగతి అని ఆయనకూ తెలియదు. పాత టేపుల ఉంటది చూడు, దమ్ముతోటి ఉన్నయి పట్కరా, గప్పుడు చెప్త అన్నాడు. తెస్తా తాతా అంది సాయిలత. అంత తేలిగ్గా ఎట్లా అంది. కడగని రికార్డింగులు ఎక్కడో ఉండే ఉంటాయనుకుంది. గదికి వచ్చి డిస్కులన్నీ వెతికింది. లేవు. పెళ్లిళ్ల సీజనులో జాగా చాలక తనే తీసేసింది, శుభ్రం చేసినవి ఉన్నాయి కదా మురికివి ఎందుకని. ఆ జాగాలో ఇప్పుడు బిక్కనూరు పెళ్లి ఒకటి, రెండు బారసాలలు ఉన్నాయి.

వరదకు తెగిన చోటు వచ్చింది. మట్టి పోసి చేసిన దారి మీద బస్సు ఒక పక్కకు ఒరిగి పాకుతోంది, లోపల అందరూ మాట్లాడటం ఆపారు, ఇంజను మాత్రం ఊపిరి తీసుకుంటోంది. నిన్న మధ్యాహ్నం అమ్మ కూడా అట్లాగే, గోడకు ఒరిగి, ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి పొగాకు పోసి చుడుతూ. సాయిలత గడపలో నిలబడి అన్నం తినాలా వద్దా అనుకుంటూ ఉంది, అప్పుడు విన్నది. తలుపు సందులోంచి గాలి వచ్చినట్టు, సన్నగా, చివర కొద్దిగా విరిగి. వెతుకుతున్న వస్తువు కళ్ల ముందే ఉన్నప్పుడు కలిగే సంతోషం ఉంటుందే, అదే కలిగింది. దొరికింది అనుకుంది. నిజంగా ఆ మాటే అనుకుంది. మైకు తెచ్చి అమ్మ మెడ దగ్గర పట్టుకుంది. ఏందే అంది అమ్మ. ఏం లేదమ్మా, నువ్వు చేసుకో, ఊరికే టెస్టింగు అంది. నా దమ్ముకు సుత గిరాకి ఉన్నదా ఇప్పుడు అని నవ్వింది అమ్మ, నవ్వు దగ్గయింది, దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది, ఆ దగ్గు అయ్యాక తీసుకున్న శ్వాసే అన్నిటికంటే బాగా వచ్చింది. బాగా వచ్చింది. ఆ శ్వాసలను ఒక్కొక్కటి కోసి చిన్నవ్వ ఊఁలకు ముందు అతికించింది. అతుకు తెలియలేదు. ఒకే మనిషి గాలి తీసుకుని ఒకే మనిషి ఊఁ అన్నట్టుంది. నవత ఉంటే మెచ్చుకునేది.

అతుకు ఎందుకు తెలియలేదు.

లింగంపేటలో బస్సు చాలాసేపు ఆగింది, డ్రైవరు చాయ్ తాగడానికి దిగాడు. అతుకు తెలియకపోవడం మంచిదే కదా. బీడీలు చేసే ఆడవాళ్లందరి శ్వాసా ఒకటే రకంగా ఉంటుందేమో, అది వాడకట్టు చప్పుడేమో, సాలె మగ్గం ఉన్న వాడకు మగ్గం చప్పుడు ఉన్నట్టు. చిన్నవ్వ చేసేది, అమ్మ చేస్తుంది, ఇద్దరి ఛాతీలోనూ ఒకే పొగాకు ధూళి. అందుకే సరిపోయింది. ఎంత బాగా సరిపోయిందంటే, చిన్నవ్వ ఆఖరి చలికాలం ఊఁలకు ముందు ఇంకా బాగా సరిపోయింది, మొదటేడు ఊఁలకు అంత సరిపోలేదు. ఇది నిన్ననే గమనించింది. గమనించి, సరే, ఆఖరివే వాడదాం అనుకుంది. ఆఖరివి అంటే ఏమిటో అప్పుడు అనుకోలేదు. ఇప్పుడూ అనుకోవడం లేదు, కిటికీలోంచి చూస్తోంది, ఎదురుగా మందుల దుకాణం ఉంది, పచ్చ ప్లస్ గుర్తు, దిగి దగ్గు మందు కొనుక్కుందామా అంటే బస్సు పోతుందేమో, వచ్చేటప్పుడు కొందాం. అమ్మకు ఎన్నాళ్ల నుంచి ఉంది ఆ ఈల. పోయిన చలికాలం ఉందా. మా అమ్మకూ ఉంటుంది ఇట్లాగే అని అప్పుడే అనుకున్నది కదా. యంత్రానికి ఒకసారి ఇది కచ్ర అని చూపిస్తే కథ మొత్తంలో వెతికి తీసేస్తుంది. చెవికి కూడా అట్లాగే నేర్పినట్టున్నది. ఇంట్లో ఒకే గదిలో పడుకునే ఇద్దరు మనుషుల్లో ఒకరి శ్వాసను ఇంకొకరు ఇన్ని నెలలు వినలేదు, మైకు తెచ్చేదాకా. డ్రైవరు ఎక్కాడు. తలుపు కొట్టారు. బస్సు కదిలింది. తాతకు ఏం చెప్పాలో ఇంకా తోచలేదు, దొరికినయి తాతా అని చెప్తే చాలు, ఆయన చూడలేడు కదా లాప్‌టాప్‌లోకి, వింటాడు, కథ చెప్తాడు, ఉగాది దాకా శుక్రవారాలన్నీ ఉంటాయి, గది ఉంటుంది, ఆయనకూ నాలుగు పైసలు, నీలవ్వ ఏరు దాటుతుంది. ఎవరికి నష్టం.

ఎల్లారెడ్డి బస్టాండులో తాత సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నాడు, ఇంటి దగ్గర ఉండమంటే ఇక్కడికే వచ్చాడు. ఉతికిన ధోతి, ఎర్ర రుమాలు, ఒడిలో గుడ్డలో చుట్టిన శారద. పక్కన ఇంకో చిన్న మూట, బుడిగె, ఎవరు వాయిస్తారని తెచ్చాడో. బస్సు దిగిన ఆమె మొఖం చూసి నిలబడలేదు, జరిగి పక్కన చోటు ఇచ్చాడు.

"తెచ్చినవా బిడ్డా?"

"తెచ్చిన తాత."

ఇక్కడే వినిపించమన్నాడు. ఆమె బల్ల మీదే లాప్‌టాప్ తెరిచింది, రుమాలు పైనుంచి హెడ్‌ఫోన్లు పెట్టింది, మీట నొక్కింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. శ్వాస వచ్చింది, ఆయన వేళ్లు కదిలాయి, అందెలు లేని వేళ్లు. ఊఁ వచ్చింది. ఇంకొకటి. ఆయన పెదవులు నీలవ్వ కథలోని మాటను ఎత్తుకున్నాయి, చప్పుడు లేకుండా. మూడోసారి వేళ్లు ఆగాయి. కళ్లు తెరవకుండానే ఇంకొకసారి అన్నాడు. ఇంకొకసారి వినిపించింది. ఆయన హెడ్‌ఫోన్లు తీసి, వాటిని కోడిపిల్లను పట్టుకున్నట్టు రెండు అరచేతుల్లో పట్టుకున్నాడు.

"ఊఁ చిన్నవ్వదే. దమ్ము గాదు. ఎవల్ది బిడ్డా?"

మైకు మారింది తాతా అని చెప్పాలని దారిలో ఎక్కడో అనుకున్నది. ఆ మాట రాలేదు.

"మా అమ్మది."

కోపం వస్తుందనుకుంది. రాలేదు. ఆయన హెడ్‌ఫోన్ల వైపే చూస్తున్నాడు.

"ఈల ఉన్నది. అచ్చం గదే ఈల. దవాఖానకు తోల్కపోయినవా?"

"లే తాత. దగ్గు మందు తెద్దామని..."

"నేను సుత గదే తెచ్చిన. సీసలకు సీసలు." హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టాడు. "నేను తాళమనుకున్న బిడ్డా. దమ్ము దీసుడు లేటయితే కథ మెల్లగ నడిపిచ్చిన. ముసల్దయింది, నిమ్మళంగ చెప్పుమంటుందనుకున్న. నువ్వేమనుకున్నవ్?"

ఆమె నోరు తెరిచింది. వరండాలో నోట్లోనే ఉండిపోయిన మాటలు చాలా ఉన్నాయి. ఒకటే వచ్చింది.

"కచ్ర అనుకున్న."

తాత తల ఊపాడు. ఊఁ అనలేదు. వచ్చిన బస్సే బోర్డు తిప్పుకుని కామారెడ్డికి నిలబడి ఉంది, ఆడవాళ్లు ఎక్కుతున్నారు. ఆమె లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టగానే, ఆయన శారదనూ బుడిగె మూటనూ చంకలో పెట్టుకుని లేచి, ఆ సంచి తనే భుజానికి తగిలించుకుని బస్సు వైపు నడిచాడు. నాలుగింటికి ఆట ఉన్నది కద తాతా అంది వెనకాలే పోతూ. ఆట ఎవలన్న ఆడుతరు, ఎక్కు అన్నాడు. నువ్వు ఒక్కడివే చెప్పరాదా అంది, అది అడుగుతున్నందుకు సిగ్గుపడుతూనే. గోడకు చెప్పరాదు బిడ్డా అన్నాడు. కిటికీలోంచి సంచి అందిస్తూ ఒక్కటే అడిగాడు. కథ లేదని వాండ్లకు ఎట్లయిన చెప్పాలె గద, చెప్పేటప్పుడు చిన్నవ్వ పేరు చెప్పు, ఇప్పటిదాంక చెప్పనే లేకపోతిమి.

బస్సు కదిలాక దేవేందరన్నకు ఫోన్ చేసింది. ఆయన విన్నాడు, సరే చెల్లె అన్నాడు, ఆ సరే అంటే ఏమిటో ఆమెకు తెలుసు, రేపు ఓనరుకు చెప్పాల్సిన మాట కూడా అప్పుడే ఖాయమైంది. తర్వాత అమ్మకు చేసింది. అమ్మ ఎత్తింది. మాట రాకముందు, బస్సు రొద మధ్యలోంచి, సన్నగా, చివర కొద్దిగా విరిగి. సాయిలత ఫోనును చెవికి గట్టిగా అదుముకుంది.

"ఏందే, చేరినవా అప్పుడే?"

"మళ్లొస్తున్న అమ్మ. తయారుగుండు, దవాఖానకు పోదాం."

"నాకేమైందే. బీడీలు అప్పజెప్పే దినమాయె ఇయ్యాల."

వద్దు అంది సాయిలత, ఇంకేం చెప్పాలో తెలియక, మాట్లాడు అమ్మా, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు అంది. అమ్మ పక్కింటి సాలవ్వ మేక సంగతి ఎత్తుకుంది. లింగంపేట దాకా చెప్పింది. సాయిలత ఒక్కో మాటకూ ముందు వచ్చేదాన్ని విన్నది, మధ్యలో ఊఁ అన్నది. అమ్మ ఫోన్ పెట్టేశాక ఇంకో ఫోను తీసి, నాలుగింటి కార్యక్రమం పేజీలో, నీలవ్వ కథ, హన్మండ్లు బృందం అని ఉన్న చోట ఉన్నదంతా తీసేసి, ఒరిగిన మట్టి దారి మీద అక్షరాలు తప్పుతుంటే మళ్లీ మళ్లీ దిద్దుకుంటూ రాసింది.

ఇవాళ కథ లేదు. వంత పాడే మనిషి లేదు. ఆమె పేరు చిన్నవ్వ, తల్లిగారి ఊరు డోంగ్లి, అత్తగారి ఊరు ఎల్లారెడ్డి. మీరు విన్న కథలన్నీ ఆమెకు చెప్పినవే, మీరు చాటు నుంచి విన్నారు. ఆమె శ్వాసను మీకు వినపడకుండా మేము తీసేశాము. రాజును మరిస్తే మరువండి, నీలవ్వను మరువండి, మమ్మల్నీ మరువండి. ఈ ఒక్క పేరును మీ ఇంటికి తీసుకుపొండి. చిన్నవ్వను యాదిలో పెట్టుకోండి.